చాయ్ పొంగేదాకా

"ఇది మా అవ్వ తలనా, జొన్నచొప్ప కట్టనా నాగరాణీ?"

ఆడబిడ్డ అరుణాదేవి నోట ఆ మాట వచ్చేసరికి నాగరాణి చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. పెనం మీది రొట్టె ఒక పక్క మాడుతోంది... తిప్పాలని తోచలేదు. కొత్తింటి గృహప్రవేశానికి పిలవడానికని వికారాబాదు నుంచి పొద్దుటి రైలుకు వచ్చింది అరుణాదేవి. కాళ్లు కూడా కడుక్కోలేదు. తల్లి ముడి విప్పేసి, ఆ జుట్టును వాకిట్లో ఎండకు ఎత్తి పట్టుకుంది. సుమిత్రమ్మ జుట్టంటే బంధువుల్లో పేరు మోసిన జుట్టు. నడుం దాకా, పాలలాగా తెల్లగా, మచ్చుకైనా ఒక్క నల్ల వెంట్రుక లేకుండా... పెళ్లిళ్లలో ఆడవాళ్లు పనిగట్టుకుని దగ్గరికొచ్చి ముట్టుకుని చూసేవాళ్లు. ఇప్పుడా జుట్టు మూలన పడేసిన పాత దూదిలాగా పచ్చబారి ఉంది.

"మొన్ననే తలవోసిన వదినె. బోరు నీళ్లు గదా... మా తాండూరు నీళ్ల సంగతి నీకు తెల్వదా? బకిట్లకే సున్నం పేరుకుంటది," అంది నాగరాణి మెల్లగా.

"బోరు మీ ఒక్కింట్లనే ఉన్నదా? ఎదురింటి ముసలామెను సూసిన వచ్చేటప్పుడు. ఆమె తల మల్లెపువ్వోలె ఉన్నది. ఆమె ఏ నీళ్లు పోసుకుంటున్నదో మరి."

  ఆ ప్రశ్న నాగరాణి తనకు తానే ఎన్నిసార్లు వేసుకుందో... అరుగు మీద కూర్చున్న అత్తగారి వైపు చూసింది. ఒక్క మాట అంటుందేమోనని. 'నా కోడలు ఒళ్లు దాచుకోకుండా చేస్తది' అని అక్కర్లేదు, 'ఊకో అరుణా' అన్నా చాలు. సుమిత్రమ్మ కంది పప్పు చాటను ఒళ్లో పెట్టుకుని, ఎడమ చెయ్యి కొంగు కింద దాచుకుని, గోడ వైపు చూస్తూ కూర్చుంది. 

అప్పుడే ఆటో ఆపి లోపలికొచ్చాడు సుమిత్రమ్మ చిన్న కొడుకు మల్లేశ్. తాండూరు నుంచి పెద్దేముల్‌కు షేరింగ్ ఆటో నడిపే మనిషి. ఎక్కినవాళ్లను నవ్వించకుండా దించడు. ఇంటి గాలి పసిగట్టాడు.

"ఏమక్కా, బేరం జేస్తున్నవా? పండ్లు గూడ సూస్కో. తెల్లగొర్రె అని తీస్కపోయి పచ్చగొర్రె అని వాపస్ తెస్తె మేం తీస్కోం."

ఎవరూ నవ్వలేదు. నాగరాణికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. మాడిన రొట్టె తీసి పక్కన పెట్టింది. అది తన వంతు రొట్టె అయిపోయింది, ఎప్పటిలాగే.

* * *

ఆ ఇంట్లో నాగరాణి ఎప్పుడు కూర్చుంటుందో చూసినవాళ్లు తక్కువ. తెల్లవారకముందే లేచి, బస్టాండు దగ్గరి మెస్సుకు జొన్నరొట్టెలు కొడుతుంది. భర్త దశరథ్ కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు. వచ్చాడంటే బట్టల నిండా బూడిద రంగు దుమ్ము. అవి ఉతకాలి, ఇల్లు తుడవాలి, మళ్లీ పొయ్యి. ఆ పనులన్నిటి మీద అత్తగారి నోరు. పెళ్లయి వచ్చిన రోజు నుంచి సుమిత్రమ్మ కోడల్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. యాలాల్‌లో మంద వెనక తిరిగిన రోజుల్లో గొర్రెల్ని అదిలించిన గొంతు అది. గొర్రెలు పోయాయి, భర్త నర్సప్ప పోయాడు, తాండూరులో కొడుకు ఇంటికి వచ్చేసింది. గొంతు మాత్రం ఆమెతోపాటు వచ్చింది. అదిలించడానికి మిగిలింది నాగరాణి ఒక్కతే.

తడి బండ మీద జారి సుమిత్రమ్మ కుడి భుజం విరిగాక, ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. తల దువ్వుకోవాలన్నా కోడలే, తల పోసుకోవాలన్నా కోడలే. మొదట్లో అది రెండు నిమిషాల పని. కూర్చో, కళ్లు మూసుకో, రుద్దు, నీళ్లు కొట్టు, లే. అత్తకు కోడలి చెయ్యి మొరటు. కోడలికి అత్త తల బరువు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు.

తర్వాత జుట్టు పసుపు పచ్చగా తిరగడం మొదలైంది. అప్పట్లో అది నిజంగా నీళ్ల వల్లే. హైదరాబాదులో నర్సింగ్ చదువుతున్న కూతురు సహస్ర సెలవులకు వస్తూ ఒక షాంపూ సీసా తెచ్చింది. మూత తీస్తే లోపల ముదురు వంకాయ రంగు.

"నాయనమ్మకు మామూలు షాంపూ పెట్టి కడిగినంక గిది పెట్టు అమ్మా. తెల్ల బట్టలు పచ్చవడకుండ నీలం పెడ్తం గదా, గట్లనే ఇది జుట్టుకు. పెట్టంగనే కడగొద్దు, జర సేపు ఉంచాలె. మరీ ఎక్కువ సేపు ఉంచితే వంకాయ రంగు పట్టుకుంటది. వారానికి ఒక్కసారి సాలు."

"ఓ అవ్వా, నిద్రవోకు మరి," అన్నాడు మల్లేశ్. "లేచేసరికి నిన్ను గుత్తివంకాయ అనుకొని వదినె మసాలా కూరుతది."

జర సేపు అంటే ఎంతసేపు? నాగరాణికి గడియారం వైపు చూసే అలవాటు లేదు. నీళ్లు కాగే పొయ్యి పక్కనే ఇంకో చిన్న పొయ్యి మీద చాయ్ పెట్టేది. నురగ తలకు పట్టించాక చాయ్ పొంగేదాకా ఆగడం. పొంగగానే నీళ్లు పోసెయ్యడం. ఆ లెక్క బాగా కుదిరింది. మొదటిసారి కడిగాక జుట్టు ఎండలో ఆరుతుంటే చూడాలి... వెండి జరీలాగా మెరిసిపోయింది. సుమిత్రమ్మ అద్దం అడిగింది. చాలాసేపు చూసుకుంది. "ఊ" అంది. అంతే. కోడలికి ఆ 'ఊ' చాలు.

చాయ్ పొంగేదాకా ఏం చెయ్యాలి? నురగ కళ్లలోకి జారకుండా నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి, అత్త వెనక పీట మీద కూర్చోవాలి. ఊరికే. నాగరాణి జీవితంలో ఊరికే కూర్చున్న సమయం అదొక్కటే. ఆ కూర్చోవడంలో ఒకరోజు సుమిత్రమ్మ తనంతట తానే మాట్లాడింది. కాగ్నా నది ఒడ్డున మంద తోలుకుని ఉన్నప్పుడు, వానలో తడిస్తే నర్సప్ప తన గొంగడి అంచుతో ఆమె తల తుడిచేవాడట. "మందికి కనవడకుంట తుడిషేటోడు. కనవడితే నవ్వుతరని సిగ్గు, ముసలోనికి," అంది.  అప్పటికే నాగరాణికి కునుకు పడుతోంది. రొట్టెలు కొట్టి కొట్టి మంట పుట్టే అరచేతికి ఆ చల్లటి నుదురు హాయిగా ఉంది.

అలా కొన్ని నెలలు బాగానే గడిచింది. ఆ తర్వాతే విచిత్రం మొదలైంది. కడిగిన మూడో రోజుకే జుట్టు పచ్చబడేది. "పచ్చగైంది సూడు. ఏం కడిగినవో ఏమో," అని సణుగుడు. మళ్లీ నీళ్లు, మళ్లీ నురగ, మళ్లీ చాయ్. వారానికి ఒకసారి కాస్తా రెండు, ఒక్కోసారి మూడు. నడుం పడిపోయేది నాగరాణికి. బోరు నీళ్లు మానేసి మంచినీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు దాచి పోసింది. అయినా పచ్చన. తన చేతిలోనే ఏదో లోపం ఉందని నమ్మడం మొదలుపెట్టింది... ఇన్నేళ్లుగా అందరూ చెప్పింది అదే కదా.

* * *

"అవ్వను నేను తీస్కపోత," అని తేల్చేసింది అరుణాదేవి అన్నం తినగానే. "గృహప్రవేశం అయినంక గూడ మా దగ్గరనే ఉంటది. మా కాడ నల్లా నీళ్లు. సందు చివర్ల పార్లర్ ఉన్నది. కన్నతల్లిని గిట్ల సూస్కుంట ఊకోను."

"నేనేం తక్కువ జేసిన వదినె?" అంది నాగరాణి. "నువ్వు తీస్కపోతే పదిమంది ఏమంటరు? కోడలు ఎల్లగొట్టిందంటరు. నా పెండ్లయిన కాడికెల్లి జేసిందంత ఆ ఒక్క మాటల కొట్టుకపోతది గదా..."

"అనేటోళ్లు అంటరు. తల సూసి అంటరు."

దశరథ్ తల వంచుకుని మజ్జిగ తాగాడు. ఆ మనిషి అంతే, అక్క ముందు నోరు లేవదు. నాగరాణి మళ్లీ అత్త వైపే చూసింది. వెళ్లనని అంటుందని. సుమిత్రమ్మ లేచి, చెప్పులు వెతుక్కుంది. "తీస్కపోతె తీస్కపోనియ్యి. ఈమెకు గూడ జర ఇశ్రాంతి," అంది. అది ఎత్తిపొడుపో, మరొకటో నాగరాణికి తెలియలేదు.

ఆటో కదిలేముందు నాగరాణి షాంపూ సీసా తెచ్చి ఇవ్వబోయింది.

"అది నీ దగ్గరనే పెట్టుకో," అంది అరుణాదేవి. "పార్లర్ల మంచివి ఉంటయి."

ఆటో మలుపు తిరిగింది. సుమిత్రమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ముడిలోంచి జారిన ఒక పచ్చటి పాయ మాత్రం గాలికి ఊగుతూ కనబడింది. నాగరాణి సీసా పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయింది.

* * *

రెండు రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సణిగేవాళ్లు లేరు. పిలిచేవాళ్లు లేరు. ఇక విశ్రాంతేనని అనుకుంది నాగరాణి. కానీ చాయ్ పెట్టి పొయ్యి ముందు నిలబడితే, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

మూడో రోజు అత్తగారి పక్కబట్టలు ఉతకడానికి వేసింది. దిండు గలీబు మీద తల ఆనే చోట పచ్చటి మరక. బోరు నీళ్ల మరకే అనుకుంటూ బట్టల సబ్బు రుద్దింది. రుద్దిన చోట మరక ఎర్రగా తిరిగింది. చేతి కింద, చూస్తుండగానే, కుంకుమలాగా...

పసుపు మరక మీద సబ్బు పడితే ఏమవుతుందో తెలియని ఆడమనిషి ఉండదు. పెళ్లి చీరలు, నలుగు బట్టలు, పచ్చళ్ల రోజుల కొంగులు... నాగరాణి వాటిని లెక్కలేనన్ని ఉతికింది. కానీ ఈ దిండు మీద పసుపా? నర్సప్ప పోయిన రోజు నుంచి సుమిత్రమ్మ పసుపు ముట్టలేదు. శుక్రవారం కోడలు గడపకు రాస్తుంటే కూడా, తన నీడ పడకుండా దూరం జరిగి నిలబడే మనిషి. ఆ తలకు పసుపు ఎలా వచ్చింది? ఎవరు రాశారు?

వంటింట్లో పసుపు డబ్బా ఎందుకు ఊరికే ఖాళీ అవుతోందో అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడూ కొంగు కింద దాచుకునే ఆ ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. తల పచ్చగా ఉన్న రోజున "ఏం కడిగినవో ఏమో" అని సణుగుతూనే, పిలవకముందే పీట దగ్గరికి వచ్చి కూర్చునే ఆ తొందర గుర్తొచ్చింది. నుదుటి మీద చెయ్యి పెట్టగానే పడిపోయే ఆ కనురెప్పలు...

నాగరాణి బోరు పంపు కట్టెయ్యడం మరచిపోయి బండ మీద కూలబడింది. ముసలామె ఒక్క స్పర్శ కోసం, చాయ్ పొంగేటంతసేపు ఒక చెయ్యి తన తల మీద ఉండడం కోసం, తన పేరున్న జుట్టును తానే పాడు చేసుకుంది. నోరు తెరిచి 'నా దగ్గర కూర్చో' అనడం చేతకాక, కోడల్ని మందిలో దోషిని చేసింది. కోపం రావాలి. వచ్చింది కూడా. కోపంతోపాటు వచ్చిన ఏడుపు మాత్రం ఎవరి కోసమో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన దశరథ్‌కు ఆ ఎర్ర మరక చూపించి అంతా చెప్పింది. 

"అక్కకు ఫోన్ జేసి చెప్పు మరి. నీ మీద మాట వోతది గదా," అన్నాడు అతను.

"ఏమని చెప్పాలె? మొగడు లేని మీ అవ్వ పసుపు రాసుకున్నదని చెప్పాలెనా? వికారాబాద్ దాక నవ్వుతరు. ఈ వయసుల ఆమె తల ఎక్కడ వెట్టుకుంటది?"

"మరి నీ తల?"

నాగరాణి గలీబును మళ్లీ నీళ్లలో ముంచింది. "నాకు అలవాటైంది," అంది.

* * *

గృహప్రవేశానికి ముందు రోజే వికారాబాదు చేరారు. నాగరాణి సంచి అడుగున షాంపూ సీసా ఉంది. ఎందుకు పెట్టుకుందో తనకే తెలియదు. కొత్తింటి నిండా బంధువులు. అరుణాదేవి తల్లిని హాలు మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

"సూడుండ్రి. తాండూర్ల గడ్డి లెక్క ఉండె. నా దగ్గరికొచ్చినంక ఒక్కరోజన్న పచ్చవడ్డదా? నీళ్ల మహిమ గాదు, సూస్కునేటోళ్ల మహిమ."

నిజమే. జుట్టు ముత్యంలాగా ఉంది. దాని కిందున్న ముఖమే వాడిపోయింది. నాగరాణి వంగి కాళ్లకు దండం పెడితే, సుమిత్రమ్మ ఆమె చేతుల వైపు చూసింది. "రొట్టెలు గొడ్తనే ఉన్నవా?" అంది. అంతకన్నా మాట్లాడలేదు.

తెల్లవారి హడావుడి. గడపలకు పసుపు రాసే పని నాగరాణికే పడింది. తలుపులకు తోరణాలు కట్టారు. అరుణాదేవి ఆడబిడ్డ కొత్త పొయ్యి మీద పాలు పొంగించింది. ఫొటోలకు రమ్మని అందర్నీ పిలుస్తున్నారు. తల్లిని లేపి తీసుకురాబోయిన అరుణాదేవి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అవ్వా... ఏందే ఇది?"

సుమిత్రమ్మ నడినెత్తి మీద, చెవుల వెనక, పాయ పాయకూ పచ్చన. హాల్లో మాటలు ఆగిపోయాయి.

అరుణాదేవి చూపు సూటిగా నాగరాణి మీదికి వచ్చింది. "ఇన్ని రోజులు పాలోలె ఉన్న తల! నువ్వు కాలు వెట్టంగనే మల్ల పచ్చగైంది. ఏం జేసినవో చెప్పు."

నాగరాణి అత్త వైపు చూసింది. కొంగు కింద ఎడమ చెయ్యి.  ఆమెకు అప్పుడు అర్థమైంది... ఇన్ని రోజులు ఈ తల పచ్చబడలేదు. పార్లరు కోసం పచ్చబడలేదు, కన్నకూతురి కోసం పచ్చబడలేదు. తను వచ్చిన తెల్లవారే పచ్చబడింది. తన కోసమే.

"నేనే వదినె," అంది నాగరాణి. పసుపు అంటిన రెండు చేతులూ ముందుకు చాపింది. "పొద్దుగాల గడపకు రాసుకుంట రాసుకుంట, అత్తమ్మ ముడి జారితే ఇవే చేతులతోటి సదిరిన. సూస్కోలే."

"మొగడు లేని మనిషి తలకు పసుపు పూసినవా? నా కొత్తింట్ల, శుభమా అని అందరున్న రోజు? నీకు తెలివున్నదా అసలు?"

"తప్పైంది."

మూల నుంచి ఎవరో ఆడమనిషి "గందుకేనమ్మా తల్లిని తెచ్చుకున్నది" అని గొణిగింది. దశరథ్ ఒక అడుగు ముందుకేశాడు. నాగరాణి వద్దన్నట్టు తల ఆడించింది. ఎప్పుడూ నవ్వించే మల్లేశ్ కూడా నోరు మూసుకుని నిలబడ్డాడు.

"ఆమె రాయలే."

చిన్న గొంతే. కానీ మంద మొత్తాన్ని ఆపిన గొంతు. సుమిత్రమ్మ కొంగు కింది నుంచి ఎడమ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. వేళ్లన్నీ పచ్చగా ఉన్నాయి.

"నేనే రాసుకున్న. ఇప్పుడు గాదు, తాండూర్ల గూడ నేనే రాసుకున్న. మీ నాయినకు అన్యాలం జెయ్యాలని గాదు బిడ్డా. తల పచ్చగైతెనే ఈమె నన్ను కూసోవెట్టి తలవోస్తది. లేకుంటె ఈమెకు కూసునే తీరిక యాడున్నది? పొద్దున లేస్తె రొట్టెలు, మల్ల బట్టలు... రా, కూసో అని అడుగుతె నా నోరు వోతదా?"

"నేను పార్లర్‌కు తీస్కపోతలేనా అవ్వా?" అరుణాదేవి గొంతు పలుచబడింది.

"తీస్కపోతున్నవ్. మంచిగనే కడుగుతది ఆ పిల్ల. చేతులకు కవర్లు తొడుక్కొని కడుగుతది. నీకు గూడ తీరిక లేదు, ఇల్లు కట్టుకుంటున్నవ్. నీ తప్పేం లేదు." ముసలామె నాగరాణి చేతుల వైపు చూసింది. "మీ నాయిన వొయినంక నన్ను ముట్టిన చెయ్యి ఈమెదొక్కటే బిడ్డా. గరుకు చెయ్యి... నుదుటి మీద వెడితె రొట్టె వాసన వస్తది. నేను ఇన్నొద్దులు ఈమెను తిట్టిచ్చిన. ఈమెకు ఎరుకైనట్టున్నది. అయినా సూడు, మల్ల తన మీదనే ఏసుకున్నది."

 అరుణాదేవి తల్లి పచ్చటి వేళ్లను తన పట్టుచీర కొంగుతో తుడవబోయి, మధ్యలోనే ఆగి, ఆ చేతిలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి తలెత్తి, "నాగరాణీ..." అని మాత్రం అంది. మిగిలిన మాట రాలేదు. నాగరాణి ఆ మిగిలిన మాట కోసం నిలబడలేదు. పెరట్లోకి నడిచింది.

* * *

కొత్తింటి పెరట్లో బండ కూడా కొత్తదే, నున్నగా, చల్లగా. వంటవాళ్లు ఒక పక్క సామాను కడుగుతున్నారు. నాగరాణి నీళ్లు కాగబెట్టి, పీట వేసి, చిన్న గ్యాసు పొయ్యి మీద పొద్దున పొంగించిన పాలలోంచే కాసిని తీసి చాయ్ పెట్టింది. సంచి అడుగు నుంచి సీసా తీసింది. సుమిత్రమ్మ పిలవకముందే వచ్చి కూర్చుంది.

ముందు మామూలు షాంపూతో పసుపు పోయేదాకా కడిగి, తర్వాత వంకాయ రంగు నురగ పట్టించింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, వెనక పీట మీద కూర్చుంది. నడుం కలుక్కుమంది. ఎన్నాళ్ల అలసటో... మోకాళ్ల దాకా దిగింది.

"కోపం వచ్చిందా?" అంది సుమిత్రమ్మ, కళ్లు మూసుకునే.

"వచ్చింది."

"ఇప్పుడున్నదా?"

"జర ఉన్నది." కళ్లలోకి జారబోయిన నురగను తుడిచి అంది నాగరాణి, "ఇగ పసుపు రాసుకోకు అత్తమ్మా. తల తెల్లగున్నా పిలువు. వచ్చి కూసుంట."

 ముసలామె బరువు మెల్లగా వెనక్కి వాలి కోడలి మోకాళ్లకు ఆనింది.

మల్లేశ్ గుమ్మంలోంచి తొంగి చూశాడు. "వదినె, ఫొటోలకు పిలుస్తున్నరు. జల్ది గానియ్యి. ఎక్కువ సేపుంచితె ఫొటోల మా అవ్వ గుత్తివంకాయ లెక్క వస్తది."

"రానియ్యి," అంది సుమిత్రమ్మ.

పొయ్యి మీద చాయ్ అంచుల వెంట బుడగలు కట్టి పైకి లేస్తోంది. నాగరాణి ఖాళీగా ఉన్న చెయ్యి చాపి, మంట తగ్గించింది.